యాభై నాలుగు దగ్గర తమ్ముడు

మార్తమ్మ దాన్ని కాటుక డబ్బాలో తెచ్చింది.
మూత తీస్తే బూడిద రంగు.
"పచ్చడి జాడీ మీద తుడిచా మేడం.
నిన్న తుడిచిన చోటే. ఇయ్యాల మళ్లా ఇంత."
చిటికెన వేలి గోరు చూపించింది.

రామతీర్థం నుంచి ఒంగోలుకి
ఒక ఆటో, ఒక బస్సు, మళ్లీ ఒక ఆటో.
డబ్బా కొంగుముడిలో.
రాళ్లు కోసే ఫ్యాక్టరీ వాళ్లు అన్నారంట:
"మీ గోడల సున్నమే రాలి మీ మీద పడుతోంది,
మా పొడి మా కాంపౌండు దాటదు."

యంత్రంలో గాలి లేకుండా చెయ్యడానికే గంటన్నర.
మధ్యలో కరెంటు పోయి
మళ్లీ మొదటికి.
వరండాలో సద్ది విప్పి మార్తమ్మ
నాకూ ఒక గోంగూర ముద్ద పెట్టింది.
పంటి కింద ఏదో కరకరమంది.
ఇద్దరం ఏమీ అనలేదు.

స్టీలు పలక మీద చిటికెడు.
సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే
అందులో నాలుగు ముక్కలంత సేపు
లేజరు చూపు దాని మీద పడుతుంది.
అంతే. ఎంత గట్టిదైనా
గట్టితనం మరిచి ఆవిరవుతుంది.
ఒంటరిగా నిలవలేని అణువులు
ఆక్సిజన్ చెయ్యి పట్టుకుని
జంటలుగా, గుంపులుగా, గుత్తులుగా
ఒంటి మీద ఒక్క విద్యుత్తు చుక్క పెట్టుకుని
గజంన్నర గొట్టంలో పరుగెడతాయి.

తేలికవి ముందు. బరువైనవి వెనక.
ఎవరి కొడుకని అడగని ఇలాంటి పందెం
నేను ఏ స్కూలు మైదానంలోనూ చూడలేదు.

తెర మీద మొనలు లేచాయి.
డెబ్బై రెండు. నూట నలభై నాలుగు.
రెండు వందల పదహారు. రెండు వందల ఎనభై ఎనిమిది.
ఏ పంతులూ నేర్పని డెబ్బై రెండో ఎక్కం
దుమ్ము తనంతట తాను ఒప్పజెప్పింది.

ఇనుమే అని అరవబోయి ఆగాను.

ఇనుము అణువు యాభై ఆరు.
సున్నమూ యాభై ఆరే.
ఇనుము ఎక్కిన ప్రతి మెట్టూ
ఇంకో ఆక్సిజన్ని చంకనేసుకుని సున్నమూ ఎక్కగలదు.
ఇద్దరి మధ్య తేడా వెంట్రుకవాసి,
నా పాత యంత్రానికి అది ఆనదు.
గేటు లోపలి వాళ్లకి కావలసింది
సరిగ్గా ఆ వెంట్రుకవాసే.

అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు.
ఇనుముకి ఒక తమ్ముడుంటాడు,
యాభై నాలుగు,
వందలో ఆరుగురు కూడా ఉండని వాడు,
అన్న కన్నా ముందే గీత దాటేవాడు.
సున్నానికి ఆ వైపు తోబుట్టువులు లేరు.

వెయ్యిసార్లు కాల్చాను.
వెయ్యి పరుగులూ ఒకదాని మీద ఒకటి పేర్చాను.
గడ్డిలాంటి రొద అణిగింది.
అణిగిన చోట, యాభై నాలుగు దగ్గర,
దోసపాదు మొదటి మొలకంత
చిన్నది. కానీ ఉంది.

"మార్తమ్మా, ఇనుమే."

ఆమెకి ఆశ్చర్యమేమీ లేదు.
"అది రాతిదా, రాతిని కోసిన రంపం పళ్లదా,
అది మాత్రం ఈ మిషను చెప్పదు," అన్నాను
నిజాయితీ కొద్దీ.
"పళ్లయినా రాయయినా
గేటు లోపలివే గదమ్మా."

పదేళ్ల చదువులో
ఆ వాక్యం నాకెవరూ చెప్పలేదు.

"నాకు తెలిసిందే మేడం ఇదంతా.
నా నోటి మాట వాళ్లకి సున్నం.
నువ్వు కాగితం మీద రాయి."

రాయి అంది.
ఆ మాటకి రెండు అర్థాలున్న సంగతి
ఆమె గమనించిందో లేదో.
నేను తేదీ వేసి, సంతకం పెట్టి,
ఆ చిన్న మొన చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.
ఆమె కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి
అదే డబ్బాలో, మిగిలిన దుమ్ములోనే కుక్కింది.

ఆఖరి బస్సు ఆరున్నరకి.
పలక కడుగుతుంటే గోరు కింద బూడిద గీత,
ఎంత రుద్దినా పోలేదు.
రాత్రి అన్నం ఆ చేత్తోనే తిన్నాను.